గెలిచినవాని ఏడుపు



వ్యాజ్యమున ఓడినవాడు కచేరీలో ఏడ్చినాడు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చినాడు అను సామెత తెలుగునాట పుట్టినదే యైనను, దానికి వ్యాఖ్య వ్రాయదలచిన వానికి అమెరికా న్యాయస్థానములకంటె తగిన చోటు దొరకదు. ఇంగ్లండులో ఓడిన పక్షము గెలిచిన పక్షపు ఖర్చులలో అధికభాగమును చెల్లించుకొనుట చిరకాలపు ఆచారము. ఆ ఇంగ్లండునుండియే తమ ధర్మశాస్త్రమును గైకొన్న అమెరికనులు ఈ యొక్క విషయమున వేరు త్రోవ పట్టి, ఎవరి ప్లీడరు ఫీజు వారే భరింపవలెనను పద్ధతి నవలంబించిరి. 1796లో వారి సుప్రీంకోర్టు ఆ త్రోవనే ఖాయపరచినది. దీనికి తోడు, గెలిచిన సొమ్ములో మూడవవంతు పుచ్చుకొని, ఓడినచో ఫీజే అడుగని ప్లీడర్లు అచ్చట కోకొల్లలు. కావున దావా వేయువాని చేతినుండి పోవునది స్వల్పము. ప్రతివాదియో, తాను నిర్దోషియని ఎరిగియుండియు, గెలుచుటకంటె రాజీపడుటయే చవుకయని లెక్క వేసికొని, చేయని తప్పునకు సొమ్ము చెల్లించి తల వంచుకొని పోవును.

లిబర్టేరియన్లనబడు స్వేచ్ఛావాదులకు ఈ స్థితి మిక్కిలి బాధాకరము. వ్యక్తియొక్క ఆస్తిని, ఒడంబడికను సర్కారు జోక్యమునుండి కాపాడుటయే పరమార్థముగా భావించు ఈ వాదులు న్యాయస్థానమునకు విరోధులు కారు. లైసెన్సులతోను తనిఖీదారులతోను ప్రతి వర్తకుని చేతులు ముందుగానే కట్టివేయుటకంటె, హాని జరిగిన పిమ్మట హాని పొందినవాడే దావా వేసి పరిహారము రాబట్టుకొనుట మేలని వారిలో పెక్కుమంది మతము. అధికారి పనిని దావాకు అప్పగించినవారు గనుకనే, ఆ దావాయే బెదిరింపు సాధనముగా మారినపుడు వారి దుఃఖము రెట్టింపగును. వాల్టర్ ఓల్సన్ అను రచయిత 1991లో ప్రకటించిన గ్రంథమున, ఓడినవాడే ఖర్చు భరించు పద్ధతి అమెరికాకును కావలెనని గట్టిగా వాదించినాడు.

వాషింగ్టన్ నగరమున 2005లో మొదలైన ప్యాంటు వ్యవహారమును వినుడు. కొరియానుండి వలస వచ్చి లాండ్రీ నడుపుకొనుచున్న ఒక కుటుంబము తన ప్యాంటును పోగొట్టినదనియు, వారి అంగడిలో తృప్తికి హామీ యిచ్చుచు వ్రేలాడదీసిన పలక వంచనయనియు ఒక పెద్దమనిషి దావా వేసి, ఒక దశలో 6 కోట్ల 70 లక్షల డాలర్లు కోరి, పిమ్మట దయతలచి 5 కోట్ల 40 లక్షలకు దిగినాడు. ఆయనయు ఒక న్యాయాధికారియే! 2007లో తీర్పు అంగడివారి పక్షమున వచ్చినది. గెలిచిన ఆ కుటుంబము ప్లీడరు ఫీజును దాతల చందాలతో తీర్చుకొని, ఆ సంవత్సరమే ఆ అంగడిని వదలుకొన్నది. ఈ వ్యాజ్యమును విచారించినది సామాన్య పౌరులనుండి ఎంపికచేసిన జ్యూరీ కాదు, ఒక్క న్యాయమూర్తి మాత్రమే.

ఈ కడపటి మాటను మనసున నుంచుకొనుడు. ఏలననగా, జాలి పుట్టినంతనే పరుల సొమ్మును దోసిళ్లతో పంచిపెట్టు జ్యూరీలే పసలేని దావాలకు మూలమను మాట ఆ దేశమున తరచు వినవచ్చును. దానికి నిదర్శనముగా మెక్డొనాల్డ్స్ కాఫీ కథను చెప్పుదురు. ఊదుకొని త్రాగెడి పొగలు గ్రక్కు కాఫీకి అలవాటుపడిన మనకు ఆ కథ హాస్యాస్పదముగనే తోచును. నేనును మొదట విని నవ్వినవాడనే. 1992లో న్యూ మెక్సికో రాష్ట్రమున 79 ఏండ్ల వృద్ధురాలు, నిలిపియుంచిన కారులో కూర్చుండి, మోకాళ్ల నడుమ నుంచుకొన్న కాఫీ కప్పు మూత తీయబోగా అది ఒలికినది. 80 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన ఆ వేడికి చర్మము లోతుగా కాలి, ఆమె 8 దినములు ఆసుపత్రిలో నుండి, చర్మము అతికించుకొనవలసి వచ్చినది. ఆమె కోరినది సుమారు 20,000 డాలర్లు. కంపెనీ ఇచ్చెదనన్నది 800. అంతకు ముందు పదేండ్లలో అట్టివే 700కు పైగా ఫిర్యాదులు కంపెనీకి అందియున్నవని విచారణలో బయటపడినది. 1994లో జ్యూరీ ఆమెదియు నూటికి ఇరువది పాళ్లు తప్పున్నదని తేల్చి, 2 లక్షల పరిహారమును 1,60,000కు తగ్గించి, దానిపై శిక్షారూపమున 27 లక్షలు విధించినది. న్యాయమూర్తి ఆ శిక్షను 4,80,000కు కుదించినాడు. తుదకు ఇరుపక్షములు ఎంతకో రాజీపడిరి. వృద్ధురాలి తప్పునుకూడ త్రాసులో వేసి తూచిన ఆ జ్యూరీని జాలిగుండె మూకయనుట నాకు నోరాడదు. శిక్షాసొమ్ము మాత్రము వేరు మాట: దానికి హద్దు నిర్ణయించు సూత్రమేదియు జ్యూరీ చేతి కందలేదు.

ఈ జ్యూరీ విషయమున స్వేచ్ఛావాదులలోనే చీలిక కలదు. 1670లో లండను నగరమున విలియం పెన్ అను క్వేకరు మతస్థుడు వీధిలో మతోపన్యాసము చేసినందుకు విచారింపబడగా, దోషియనుమని న్యాయమూర్తులెంత గద్దించినను, అన్నపానీయములు లేకుండ నిర్బంధించినను, జ్యూరీ లొంగలేదు. అందుకై విధించిన జుల్మానా చెల్లింప నిరాకరించి చెరసాలకేగిన జ్యూరీ సభ్యుడు ఎడ్వర్డ్ బుషెల్ను విడుదల చేయుచు ప్రధాన న్యాయమూర్తి వాన్ ఇచ్చిన తీర్పుతో, జ్యూరీ తన నిర్ణయమునకై శిక్షార్హము కాదను ధర్మము స్థిరపడినది. అమెరికాలో పారిపోయిన బానిసలను పట్టి యిచ్చు చట్టము అమలులోనున్న రోజులలో, 1852లో, లైసాండర్ స్పూనర్ అను బానిసత్వ విరోధి ఒక గ్రంథము వ్రాసి, సాక్ష్యమునే గాక చట్టముయొక్క న్యాయాన్యాయములనుకూడ తూచు హక్కు జ్యూరీకి కలదనినాడు. సుప్రీంకోర్టు 1895లో ఈ వాదము నంగీకరింపలేదు. అయినను స్పూనరును గురువుగా నెంచువారు నేటికిని కలరు. సర్కారు ఒక పౌరుని చెరబట్టబోవునపుడు అడ్డు నిలుచు జ్యూరీని స్వేచ్ఛావాదులందరు కొనియాడుదురు. అదే జ్యూరీ ఒకని ఆస్తిని తీసి వేరొకని కిచ్చునపుడు మాత్రము కొందరు బెదరుదురు. నా మట్టుకు నాకు దోషము ఖర్చుల పద్ధతిలో కనుపించుచున్నదే గాని, జ్యూరీ పీఠములపైన కాదు. ఓడినవాడు సమస్తము చెల్లింపవలెనన్నచో ఆ వృద్ధురాలు అంత పెద్ద కంపెనీపై దావాకు సాహసించియుండునా యను సంకోచమును లేకపోలేదు. అలాస్కా రాష్ట్రమున ఓడినవాడు ఫీజులో కొంతభాగమునే చెల్లించు పద్ధతి చిరకాలముగా నున్నది. అట్టి మధ్యేమార్గము నాకు సమ్మతము.

అమెరికా పౌరసత్వము పొందిన తెలుగు సోదరీసోదరులకు ఒక విన్నపము. నానావతి అను నౌకాదళాధికారిపై వచ్చిన 1959 నాటి హత్య కేసులో జ్యూరీ తీర్పును హైకోర్టు త్రోసిపుచ్చిన పిదప, మన దేశమున ఆ పద్ధతి క్రమముగా అంతరించి, 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో దానికి చోటే లేకపోయినది. అందుచేత జ్యూరీకి రమ్మను కోర్టు ఉత్తరము అందినంతనే మనవారిలో కొందరు, ఏ సాకు చెప్పి తప్పించుకొందుమాయని ఆలోచింతురని విందును. ఫెడరలు కోర్టులో దినమునకు 50 డాలర్ల భత్యమే గదాయని చిన్నచూపు చూడక, ఒక దినము సెలవు పెట్టి వెళ్లుడు. ఇరుపక్షముల మాటయు పూర్తిగా విని, మీకు తోచినది నిర్భయముగా చెప్పిరండు.