ఇచ్చినదానిని విడుచుట



ఇచ్చుట వేఱు, ఇచ్చినదానిని విడుచుట వేఱు. గ్రంథాలయమునకు పుస్తకము దానమిచ్చిన యొక గృహస్థుని చూడుడు. మొదటి పుటలో తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు వ్రాసి యిచ్చును. అంతవఱకు తప్పులేదు. తరువాత వారమున కొకమాఱు వచ్చి బీరువా తెఱపించి, అది యెవరి యింటికి వెళ్లినది, అట్ట నలిగినదా, పుటల మూలలు మడిచిరా యని విచారించును. ఒక కుఱ్ఱవాని చేతినుండి పదియవ పుటపై చింతపండు మరక పడినదని ఆయన చేసిన రభస ఇంతంత కాదు. పుస్తకము బీరువాలో నున్నదిగాని, దాత దానిని చంకనే పెట్టుకొని తిరుగుచున్నాడు.

కళ్లములోను ఇదియే తీరు. బాకీ రాబట్టునప్పుడు కుంచము పైకి రాశిగా పోయించుకొనును. దానమిచ్చునప్పుడు కఱ్ఱతో చదునుచేసి కొలుచును. ఆ కుంచెడు గింజలను గూర్చి మరుసటి సంక్రాంతిదాక చెప్పుకొనును. పుచ్చుకొన్నవాడు ఏనాడో వండుకొని తినినాడు. ఇచ్చినవాని కడుపులోనే అవి యింకను అఱుగలేదు. రాత్రి దీపమార్పకముందు తన దినమునకు తాను లెక్కచూచుకొనువాడు, ఏమి యిచ్చితినను ప్రశ్నతో ఆగరాదు. ఇచ్చియు నేమి పట్టుకొనియుంటినని కూడ అడుగుకొనవలెను.

ఆ లెక్కలో శేషము మిగుల్చుకొననివారు అరుదు. అట్టివారొకరు మన వంశధార ప్రాంతముననే పుట్టిరి. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ పట్టణమునకు చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి మాట పల్లపువారికి తెలియదు; పల్లపువారి లెక్క వారికి తెలియదు. తెలియనందున నష్టపోవువారెవరో వేఱుగ చెప్పనక్కఱలేదు.

వారికి మేలుచేయదలచిన మఱియొకరైనచో బట్టలు పంచియుందురు. లేదా తెలుగుబడి పెట్టి, మీరే మా మాట నేర్చుకొనుడనియుందురు. పంతులుగారు తామే శిష్యులైరి. రెండు భాషలు తెలిసిన యొకనిని తమ యింటనే యుంచుకొని సవరభాష నేర్చిరి. అప్పటి కా భాషకు లిపి లేదు. ఆయన వాచకములు వ్రాసిరి, కథలు, పాటలు పుస్తకములుగ కూర్చిరి. సొంత ధనముతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. పైకము విడుచుట సులభమే. చదువుకొన్నవానికి, తాను గురువునను తలంపు విడుచుట కష్టము. ఆయన తన కుంచము పక్కనబెట్టి, పుచ్చుకొనువారి కుంచముతోనే కొలిచిరి.

1911 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు ఈ కృషికి పారితోషిక మీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. వాడుకభాషకై పోరాడినందున ఆయన జన్మదినము నేడు తెలుగు భాషాదినోత్సవముగ జరుగుచున్నది. (ఈ ప్రసంగపు గ్రాంథికమును వినినచో ఆయన నవ్వియుందురు; కోపపడినను పడియుందురు.) ఆ పండుగనాడు సవరల బడులను తలచువారు మాత్రము కొలదిమంది.

విడుచుట యంతయు నొకే తీరుగాదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. దాని నెదిరించి విఫలులైన ఆ వృద్ధులు, దశాబ్దములు నివసించిన పట్టణమును వీడి రాజమహేంద్రవరము చేరిరి. దీనిని త్యాగమని పొగడుట సరికాదు. అది రోషము, దుఃఖము. అయినను ఊరు వీడిరిగాని పని వీడలేదు. సవర వ్యాకరణము 1931లోనే వెలువడియుండెను. సవర నిఘంటువు 1938లో వెలువడెను. అప్పటి కాయనకు డెబ్బదియైదేండ్లు. 1940 జనవరి 22న కాలధర్మము నొందిరి.

ఇక మన గ్రంథాలయపు పుస్తకము మాట. పదియవ పుటపై మరక నేటికిని ఉన్నది. దాత అంతవఱకు చూచి ఊరకున్నాడు. ముప్పదవ పుటపైనను, నూటయిరువదవ పుటపైనను, తుదిపుటపైనను అట్టి మరకలే యున్నవి. కుఱ్ఱవాడు పుస్తకమును కడదాక చదివినాడు.