ఆకు పోయిన చిక్కుడు పాదు



ముల్చేర, సిరోంచ ప్రాంతములలో పెరటి చిక్కుడు, చేని బొబ్బర మనకు క్రొత్తవి కావు. ఒకనాటి ఉదయమున చూచునప్పటికి పురుగు ఆకులను జల్లెడ చేసి యుండును. కొందరు నిరాశతో పాదును పెరికివేయుదురు. కొందరు అప్పు చేసియైనను మందు తెచ్చి చల్లుదురు. వానపై ఆధారపడిన చిన్న కమతమువారికి రెండును నష్టములే. అంతకుముందు మొక్క తాను ఏమి చేయుచున్నదో తెలిసికొనుట మేలు.

ఆకు మొక్కకు వంటయిల్లు. నీటిని, బొగ్గుపులుసు వాయువును ఎండ బలమున చక్కెరగా మార్చునది ఆకే. కొన్ని పొయ్యిలు ఆరినచో మిగిలినవి మరింత మండును. 1968లో వేరింగ్, ఖలీఫా, ట్రెహార్న్ అను శాస్త్రజ్ఞులు ఫ్రెంచి చిక్కుడు మొక్కలకు కొన్ని ఆకులు తీసివేసి పరీక్షించిరి. మిగిలిన ఆకులు మునుపటికంటె వేగముగా ఆహారము తయారుచేసినవి. వేళ్ళు పంపు పదార్థములను పంచుకొను ఆకులు తగ్గుటచే ఒక్కొక్క ఆకునకు వాటా పెరిగెనని దీని భావము. ముదురాకులు మరికొన్ని దినములు పచ్చగా నిలుచును. కణుపులలో నిద్రించు మొగ్గలు చిగుర్చును.

అయితే ఈ ఓర్పునకు మేర కలదు. చిక్కుడు జాతి వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవి. వానికి ఆహారము ఆకునుండియే రావలెను. ఆకు మిక్కిలిగా పోయినచో ఆ పనియు మందగించును. పూతకు ముందు పోయిన ఆకునకు బదులు క్రొత్త ఆకు వచ్చును. గింజ కట్టు వేళ పోయినచో పూడ్చుకొనుటకు వ్యవధి చాలదు. అమెరికాలో సోయాచిక్కుడు రైతులకు చెప్పు లెక్క ప్రకారము, పూతకు ముందు నూటికి సుమారు 30 వంతులు, కాయ దశలో సుమారు 20 వంతులు ఆకు పోవువరకు మందు అవసరముండదు. ఆ అంకెలు మన పాదునకు ఉన్నవున్నట్లు వర్తింపకపోవచ్చును గాని, అందలి నీతి వర్తించును. ఆఫ్రికాలో బొబ్బర లేతాకును కూరకు కోసికొని, పిదప గింజను కూడ పండించుకొనువారు కలరు.

ఒక్క హెచ్చరిక. ఇది ఆకు తిను పురుగుల మాట మాత్రమే. రసము పీల్చు పేనుబంకకును, తెల్లదోమ తెచ్చు పల్లాకు తెగులునకును ఈ లెక్క చెల్లదు. పెసర, మినుము చేలలో పల్లాకు సోకిన మొక్కను కనబడిన వెంటనే పెరికివేయవలెను.

కావున ఆకున చిల్లు కనబడినంతనే అంగడికి పరుగిడకుడు. చేనిలో పలుచోట్ల పది మొక్కలు ఎంచి, పై ఆకులను, క్రింది ఆకులను కూడ చూడుడు. పోయినదెంత, మిగిలినదెంత, గింజ కట్టుటకు ఇంకను ఎన్ని దినములు కలవు అని లెక్కింపుడు. పెరటి పాదునకైనచో పురుగులను చేతితో ఏరివేసిన చాలును. మందు ఖర్చు మిగులును, పాదు మిగులును, కాయయు చేతికి వచ్చును.