ఒక యాపిల్, ఏడు గింజలు



ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకునేటప్పుడు మనకు మొట్టమొదట పరిచయమైన పండు యాపిల్. బొమ్మ చూశాం, పేరు పలికాం, పేజీ తిప్పేశాం. అదే పండును చేతికిస్తే చిన్నపిల్లలు ఎంత విజ్ఞానం నేర్చుకోగలరో ఈ రోజు చూద్దాం. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నవారు ఈ సాయంత్రమే కావచ్చు.

చేసి నేర్చుకోవడం కోల్‌కతాకు కొత్త కాదు. 1959లో ఇక్కడ బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం ప్రారంభమైంది. 1997లో సైన్స్ సిటీ వచ్చింది. మీట నొక్కి, చక్రం తిప్పి పిల్లలు అక్కడ ఎన్నో తెలుసుకుంటారు. అయితే తరగతి గదిలో పెద్ద పరికరాలు అక్కర్లేదు. మెఛువా మార్కెట్‌కు కాశ్మీరు యాపిల్ పెట్టెలు దిగే రోజుల్లో, నలుగురైదుగురు పిల్లలకు ఒక పండు చొప్పున తెస్తే చాలు.

మొదట ఒక బకెట్ నీళ్లు, ఒక గోలీ, ఒక యాపిల్ తీసుకోండి. ఏది మునుగుతుందో ముందుగా పిల్లల్నే చెప్పనివ్వండి. పెద్దది కనుక యాపిలే మునుగుతుందని చాలామంది అంటారు. వేసి చూస్తే గోలీ మునిగి, యాపిల్ తేలుతుంది. యాపిల్ ఘనపరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలే. అందుకే దాని సాంద్రత నీటికంటే తక్కువ.

తర్వాత పండును అడ్డంగా కోయాలి. కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. మధ్యలో ఐదు మూలల నక్షత్రం కనిపిస్తుంది. అవి పువ్వులోని అండాశయపు ఐదు గదులు. తొడిమకు ఎదురుగా ఉన్న గుంటలో ఎండిన రక్షకపత్రాలను కూడా చూపించండి. జామకాయకూ అలాంటి గుర్తే ఉంటుంది. పువ్వే పండయిందని పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

కోసిన ముక్కల్లో ఒకదానికి నిమ్మరసం రాయండి. రెండోదాన్ని అలాగే ఉంచండి. కాసేపటికి రెండోది గోధుమరంగుకు మారుతుంది. పండులోని ఒక ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. నిమ్మరసంలోని ఆమ్లం, సి విటమిన్ దాన్ని అడ్డుకుంటాయి. కోసిన వంకాయ ముక్కల్ని అమ్మ వెంటనే నీళ్లలో ఎందుకు వేస్తుందో అప్పుడు అడగండి.

ఇక గింజల సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక పాఠశాలలో నేను ఒక పొరపాటు చేశాను. పండు కోయకముందే నల్లబల్ల మీద ‘గదులు 5, గింజలు 10’ అని రాసేశాను. ఒక పాప తమకిచ్చిన పండులోని గింజలన్నీ తీసి వరుసగా పేర్చింది. ఏడు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. ఒకసారి నల్లబల్ల వైపు చూసి, పుస్తకంలో 10 అని రాసుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, “మీరు అలా రాశారు కదా!” అంది.

నిజానికి ఆ పాప లెక్కే సరైనది. ఒక్కో గదిలో సాధారణంగా రెండు అండాలుంటాయి. పరాగ సంపర్కం జరిగి ఫలదీకరణ చెందినవే గింజలవుతాయి. తేనెటీగలు సరిగా రాకపోతే గింజలు తగ్గుతాయి. గింజలు లేని వైపు పండు సరిగా ఎదగక వంకరగా కూడా ఉండవచ్చు. అంటే ఆ ఏడు గింజల్లో ఎక్కడో కొండల్లోని తోటకు తేనెటీగలు వచ్చిన కథ ఉంది. నేను తొందరపడి రాసిన అంకె ఆ కథను వినిపించకుండా చేసింది.

అప్పటినుంచి నల్లబల్ల మీద ప్రశ్న మాత్రమే రాస్తున్నాను. ఒక గడిలో పిల్లల ఊహ, పక్క గడిలో వారు లెక్కించినది. అన్ని బృందాల అంకెలూ ఒకచోట చేర్చి చూస్తే, పండుకూ పండుకూ తేడా ఎందుకొచ్చిందని వాళ్లే అడుగుతారు. బట్టీ పద్ధతి నుంచి చదువును తప్పించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆ మాట ఆచరణలోకి వచ్చేది ఇలాంటి చిన్న పనులతోనే.

చివరగా రెండు జాగ్రత్తలు. గింజలు నమలనివ్వకండి. చేతులు కడిగించి, మిగిలిన శుభ్రమైన ముక్కలు అందరికీ పంచండి.

మీరూ ఒక పండు కోసి చూడండి. మీ తమ్ముడు ఎనిమిది గింజలు లెక్కపెడితే ఎనిమిదే రాయనివ్వండి. తన కళ్లతో చూసినదాన్ని ధైర్యంగా రాయగలగడమే విజ్ఞానశాస్త్రంలో తొలి పాఠం.