పిండినల్లి చెప్పిన పాఠము

ఈపూరు ప్రాంతమున పత్తి పండించు రైతునకు పిండినల్లిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. లేత కొమ్మలపై పిండి చల్లినట్లు తెల్లగా అంటుకొని, రసము పీల్చి, మొక్కను గిడసబార్చునది అదియే. అట్లు కంటబడు పెద్ద పురుగులు ఆడవి. మగది సన్నని రెక్కలు గల చిన్న ప్రాణి. జతకూడి కొద్ది దినములకే చనిపోవును. ఒకే తల్లి బిడ్డలలో ఇంత భేదమెట్లు కలిగినది?

మనుష్యులలో మగబిడ్డకు వై అను క్రోమోసోము ప్రత్యేకముగ కలదు. పిండినల్లికి అట్టిది లేదు. నిమ్మజాతి చెట్లను పట్టు పిండినల్లిలో ఆడదానికైనను మగదానికైనను క్రోమోసోములు 10 మాత్రమే. తల్లివి 5, తండ్రివి 5. ఆడదానిలో అన్నియు పనిచేయును. మగ పిండములో మాత్రము తొలిదశయందే తండ్రి క్రోమోసోములు బిగిసి ముడుచుకొని, కణకేంద్రకములో ఒక ముద్దగా చేరును. వాని జన్యువులు దాదాపుగ మూగవోవును. ఆ మగది తన సంతతికి అందించునది తల్లి భాగమునే.

మూగవోయినవని ఎట్లు తెలిసినది? 1961లో అమెరికాలో బ్రౌన్, నెల్సన్-రీస్ అను శాస్త్రజ్ఞులు మగపురుగులపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి ఫలితమును ప్రకటించిరి. తండ్రి జన్యువులు చెడిపోగా కూతుళ్లు పెక్కు చచ్చినవి. అదే మోతాదునకు కొడుకులు చాలవరకు బ్రతికినవి. చెడిన సొత్తు కొడుకులకును వచ్చినది. కాని తాళము వేసిన గదిలో నుండుటచే హాని చేయలేదు.

ఆ తాళమేది? డి.ఎన్.ఎ. దారము హిస్టోనులను మాంసకృత్తులపై, కండెకు నూలు చుట్టినట్లు, చుట్టుకొని యుండును. హిస్టోనులపై కొన్ని చోట్ల మిథైల్ అను రసాయనపు గుర్తులు పడినచో ఆ చుట్ట బిగియును. అందలి జన్యువులను కణము చదువజాలదు. అక్షరము మారదు, పుట మూతపడును. కణము విభజన చెందినను ఈ స్థితి నిలుచును. దీనిని పరిశీలించు శాస్త్రమే ఎపిజెనెటిక్స్. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలోను ఈ పరిశోధనలు జరుగుచున్నవి.

మన కాలేయకణమునకును నరకణమునకును జన్యువులు ఒక్కటే. తెరచిన పుటలు వేరు. స్త్రీల కణములలో రెండు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి ఇట్లే ముడుచుకొనును. మూయవలసిన పుట తెరచుకొన్నను, తెరువవలసినది మూతపడినను కాన్సరు వంటి వ్యాధులకు త్రోవ ఏర్పడవచ్చును.

కావున వంశమునుండి ఏమి వచ్చినదని అడుగుటతో తీరదు. వచ్చిన దానిలో ఏది పలుకుచున్నదని కూడ అడుగవలెను. పత్తికొమ్మపై మనము నలిపివేయు పురుగు నేర్పిన పాఠమిది.