విభీషణుడు దిగిన తీరం

(శ్రీరామనవమి ఉత్సవాల సందర్భంగా ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో అనేకులు రామేశ్వర యాత్ర చేసినవారే. అగ్నితీర్థ స్నానం, ఇరువది రెండు తీర్థాల జలాభిషేకం, రామనాథస్వామి దర్శనం ఎన్నటికీ చెరగని స్మృతులు. ధనుష్కోటి మార్గంలో కోదండరామస్వామి ఆలయం ఉన్నది. విభీషణుడు శ్రీరాముని శరణు పొంది పట్టాభిషిక్తుడైన చోటు అదేనని పెద్దల విశ్వాసం.

ఆ ఆలయాన్ని నేను మూడు పర్యాయాలు సేవించాను. పాంబన్ వంతెనకు ముందు వచ్చే మండపం అనే ఊరిని మూడుసార్లూ దాటిపోయాను. లంక నుండి ప్రాణాలు అరచేత పట్టుకొని పడవలలో వచ్చిన తమిళుల శిబిరం అక్కడే ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. పురాణంలోని శరణాగతునికి చేతులు మోడ్చి, కళ్లెదుటి శరణాగతుని చూడకుండానే వచ్చాను. ఆ లజ్జయే నన్ను నేడు మాట్లాడిస్తున్నది.

1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై చెలరేగిన హింసాకాండతో వేలాది కుటుంబాలు సముద్రం దాటి తమిళనాడు చేరాయి. 2009లో యుద్ధం ముగిసేవరకు ఆ రాక విడతలుగా సాగింది. 1984లో, శ్రీలంక తమిళ నాయకులు చెల్వనాయగం గారి కుమారులు ఎస్.సి. చంద్రహాసన్ గారు చెన్నైలో ఈళం శరణార్థుల పునరావాస సంస్థను స్థాపించారు. ఈ సంస్థలో సేవ పొందేవారూ శరణార్థులే, సేవ చేసేవారూ శరణార్థులే. అదే దాని విశేషం.

విభీషణుడు వచ్చినపుడు సుగ్రీవుడు ఏమన్నాడు? శత్రువు తమ్ముడు, గూఢచారి కావచ్చునన్నాడు. అది తెలివిలేని సందేహం కాదు. నేటికీ ప్రతి దేశమూ అడిగే ప్రశ్నయే అది. 1991లో శ్రీపెరుంబుదూరు దుర్ఘటన అనంతరం శిబిరాలలోని నిరపరాధులపైనా ఆ అనుమానపు నీడ పడింది. శ్రీరాముడు సుగ్రీవుని గద్దించలేదు. అందరి అభిప్రాయమూ విన్నాడు, హనుమంతుని వివేకాన్ని మన్నించాడు, తరువాతనే అభయమిచ్చాడు.

అయితే అభయంతో ఆయన ఆగలేదన్నది మనం గమనించాలి. లక్ష్మణునిచేత సముద్రజలం తెప్పించి, రాజ్యం ఇంకా చేతికి రాని విభీషణుని రాజుగా అభిషేకింపజేశాడు. ఆపైన సముద్రాన్ని దాటే ఉపాయం ఆయననే అడిగారు. అభయమిచ్చుట, గౌరవమిచ్చుట, ఆలోచన అడుగుట అనే ఈ మూడు మెట్లూ ఎక్కితేనే శరణాగత రక్షణ పూర్ణమవుతుంది.

శిబిరాలలో గూడు, బియ్యం, నెలసరి భృతి ప్రభుత్వం ఇస్తున్నది. అది మొదటి మెట్టు. కానీ శిబిరంలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం లేకపోతే ఆ బిడ్డ ఈ దేశానికీ చెందదు, ఆ దేశానికీ చెందదు. ఆ పత్రాలు సమకూర్చుట, పిల్లలను చదివించుట, స్వదేశానికి మరలేవారికి దారి చూపుట ఈ సంస్థ చేపట్టిన పనులు. అది రెండవ మెట్టు. 2004లో సునామీ వచ్చినపుడు, శిక్షణ పొందిన శరణార్థులే తమిళనాడు తీరవాసులను ఓదార్చడానికి వెళ్లారు. ఇల్లు కోల్పోయిన బాధ వారికంటే ఎవరికి తెలుసు? అది మూడవ మెట్టు.

2021లో తమిళనాడు ప్రభుత్వం శరణార్థుల శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చింది. పేరు మారినది మంచిదే. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే తల్లిదండ్రులైనవారిలో ఎందరికో పౌరసత్వం నేటికీ ప్రశ్నగానే మిగిలి ఉన్నది.

ఇది పరుల కథ అనుకోవద్దు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు రంగూను నుండి అడవులూ కొండలూ దాటి నడచి వచ్చినవారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు, బర్మా వదలి వచ్చిన మనవారి జ్ఞాపకంగా నేటికీ నిలిచి ఉన్నది.

కనుక నా విన్నపం ఇది. ఈసారి రామేశ్వరం వెళ్లినపుడు మండపం వద్ద ఒక్క క్షణం మనసు నిలపండి. మన ఊరికి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పరదేశి మన అన్నదానశాలలో కూర్చున్నపుడు విస్తరి వేసి ఊరుకోకండి. పేరు అడగండి. బిడ్డలు బడికి వెళుతున్నారా అని అడగండి. ఏ పని తెలుసునో అడగండి. అన్నం ఆ పూటకు ఆకలి తీరుస్తుంది. ఆ పలకరింపు ఆయనను మళ్లీ మనిషిగా నిలబెడుతుంది.

స్వస్తి.