ఆముదం చెట్టే మహావృక్షం

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మన తెలుగు మాస్టారు మా వెనక బెంచీని దెప్పేవారు. 30 ఏళ్లుగా ఫ్యాక్టరీల పక్క పొలాలు చూస్తున్నాక నాకు ఆ మాట వేరేగా వినిపిస్తోంది. సీసం, కాడ్మియం చేరిన నేలలో వరి, ఆకుకూరలు వేస్తే ఆ విషం మన కంచంలోకే వస్తుంది. ఆముదం ఆ నేలను తట్టుకుంటుంది, సీసాన్ని చాలావరకు వేళ్లలోనే ఆపుతుంది. నూనె సబ్బులకు, కందెనలకు పోతుంది.

బెల్జియంలో లొమెల్ దగ్గర, పాత జింకు ఫ్యాక్టరీల కాడ్మియం పడ్డ నేలలో విల్లో చెట్లు వేసి చూశారు. క్రికెట్ బ్యాట్లు చేసే చెట్టు జాతే అది. కాడ్మియాన్ని కొమ్మల్లోకి, ఆకుల్లోకి లాగుతుంది. ఆ ఆకు రాలిపోతే విషం మళ్లీ నేలకే.

ఒకప్పుడు ఒక రైతుకు, "10 ఏళ్లలో నీ నేల బాగవుతుంది" అని మాటిచ్చాను. తప్పు చెప్పాను. దశాబ్దాలు పడుతుంది. అంతవరకు పొలం బీడుపడకుండా నాలుగు డబ్బులు రావడమే ఈ పంటల మేలు.

మన బడిలో చదివి ఫ్యాక్టరీలు నడుపుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ గేటు దాటే మురుగు నీటిని ఈరోజే శుద్ధి చేయండి. తర్వాత ఏ చెట్టూ అంత త్వరగా ఆ పని చేయలేదు.