వ్యాస పరీక్షకు మన పిల్లలను సిద్ధం చేద్దాం

(గోవాడలో డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగాల మీద సభ పెడితే మనవారు ముందుగా రిజర్వేషన్ గురించే అడుగుతారు. అడగవలసిందే. 2007 చట్టంతో బి.సి.-ఇ వర్గానికి వచ్చిన 4 శాతం ఎన్నో కోర్టు మెట్లు ఎక్కి దిగింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దానిని నిలబెట్టింది. అయితే పరీక్ష హాలులో కూర్చున్న బిడ్డ ముందు ఉండేది ఒక ప్రశ్నపత్రం, కొన్ని తెల్ల కాగితాలు మాత్రమే. ఆ కాగితాల మీద ఏమి వ్రాయాలన్నది ఏ చట్టమూ చెప్పదు. ఈనాడు మేము దాని గురించే మాట్లాడదలిచాము.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను మరోసారి గుర్తు చేస్తున్నాము. ముస్లిములు ఐ.ఎ.ఎస్.లో 3 శాతం, ఐ.ఎఫ్.ఎస్.లో 1.8 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. 2001 లెక్కల ప్రకారం దేశ జనాభాలో మన వాటా 13.4 శాతం. ఈ అంతరానికి పేదరికం ఒక కారణం, వివక్ష మరొక కారణం, చదువు మధ్యలో మానివేయడం ఇంకొకటి. వీటిని గురించి మన పత్రికలు చాలాసార్లు వ్రాశాయి. వ్రాతలో వెనుకబాటు గురించి మాత్రం తక్కువగానే మాట్లాడుకున్నాము.

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో వ్యాసానికే ఒక పేపరు ఉన్నది. మూడు గంటల్లో రెండు వ్యాసాలు, 250 మార్కులు. దానికి ముందు దాటవలసిన గడప ఇంకొకటి ఉన్నది. ఒక భారతీయ భాషలోను, ఇంగ్లీషులోను 300 మార్కుల చొప్పున అర్హత పేపర్లు. ఒక్కొక్క దానిలో 25 శాతం, అంటే 75 మార్కులు రావాలి. రాకపోతే మిగిలిన పేపర్లు ఎంత బాగా వ్రాసినా వాటిని లెక్కలోకి తీసుకోరు. ఆ 300 మార్కుల్లో 100 మార్కులు సుమారు 600 మాటల వ్యాసానివే. మన రాష్ట్ర గ్రూప్-1లోను 2018 నోటిఫికేషన్ నాటికి తెలుగు, ఇంగ్లీషు అర్హత పేపర్లు, వాటికి తోడు జనరల్ ఎస్సే పేపరు ఉన్నాయి. పద్ధతులు మారుతుంటాయి గనుక ప్రతి నోటిఫికేషనునూ స్వయంగా చదవండి. కోచింగ్ సెంటరు కరపత్రాన్ని నమ్మకండి.

ఇక భాష సంగతి. మన ఇళ్లల్లో కొందరిది ఉర్దూ, కొందరిది తెలుగు. బడిలో ఇంగ్లీషు మీడియం. మూడూ మాట్లాడతాము. మూడింటిలో దేనిలోనూ రెండు పుటలు తడబడకుండా వ్రాయలేని స్థితిలో చాలామంది బిడ్డలు ఉన్నారు. సివిల్స్ అర్హత పేపరుకు తెలుగునైనా, ఉర్దూనైనా ఎంచుకోవచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినంత మాత్రాన ఉర్దూ ఎంచుకోకండి. ఆ లిపిలో చేయి తిరిగితేనే ఎంచుకోండి. ఎనిమిదో తరగతి తరువాత తెలుగులో ఒక ఉత్తరమైనా వ్రాయని బిడ్డ తెలుగు పేపరును తేలికగా తీసుకోవడమూ అంతే ప్రమాదం. గ్రూప్-1లో అటువంటి ఎంపికే లేదు, తెలుగు తప్పదు. ఉర్దూ మీడియం పిల్లలకు ఇది న్యాయమా అన్న ప్రశ్నను మనం వేరుగా, గట్టిగా అడగాలి. జవాబు వచ్చేదాకా తెలుగు వ్రాయడం ఆపకూడదు.

వ్యాసానికి విషయం ఎక్కడ దొరుకుతుంది? బజారులో అమ్మే వ్యాస సంకలనాలను బట్టీ పట్టిన బిడ్డలను దిద్దేవారు మొదటి పేరాలోనే పట్టేస్తారు. మీ ఊరి నుంచే మొదలుపెట్టండి. ఇది చెరకు పండే నేల. గోవాడ చక్కెర కర్మాగారం పేరు తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గరలోనే ఉన్నది. దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటి ఈ ప్రాంతంలోని ఏటికొప్పాకదే. ‘సహకార రంగానికి భవిష్యత్తు ఉన్నదా?’ అన్న అంశం వస్తే మీకంటే బాగా వ్రాయగలవారు ఢిల్లీలో ఎవరు?

అయితే తెలిసినంత మాత్రాన వ్యాసం కాదు. రైతు మాట ఒక పేరా: నరికిన చెరకు ఎండిపోతుంది, డబ్బు ఆలస్యమైతే అప్పు పెరుగుతుంది. చట్టం మాట ఒక పేరా: 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ధర చెల్లించాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. కర్మాగారం మాట ఒక పేరా: పాత యంత్రాలు, పంచదార ధర, తగ్గుతున్న చెరకు సాగు. కోత కూలీ మాటకూ చోటు ఇవ్వండి, అతనిని అందరూ మరచిపోతారు. ఆ తరువాత మీ అభిప్రాయం. మీ అభిప్రాయానికి ఎదురు వాదన ఏమిటో కూడా వ్రాసి దానికి బదులు చెప్పండి. మైనారిటీ సమస్య మీద వ్రాసినా ఇదే పద్ధతి. ఆవేదన ఎంత నిజమైనదైనా అధికరణమూ అంకెా లేకపోతే మార్కులు పడవు.

‘మా పేరు చూసి మార్కులు తగ్గిస్తారేమో’ అని కొందరు బిడ్డలు మమ్మల్ని అడుగుతారు. ఆ భయం ఎందుకు పుట్టిందో మాకు తెలుసు. కాని వ్రాత పరీక్షలో దిద్దేవారికి మీ పేరు కనబడదు, సంకేత సంఖ్యతోనే జవాబు పత్రం వారి దగ్గరకు వెళుతుంది. అందుకే కాగితం పైన 786 వ్రాసే అలవాటు మానండి. పొరుగు పిల్లలు ‘శ్రీ’ వ్రాసినా అంతే. అభ్యర్థిని పట్టించే గుర్తు ఏదీ ఉండకూడదన్నది నియమం.

తల్లిదండ్రులకు ఒక మనవి. డిగ్రీ అయిన వెంటనే ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలుపెడుతున్నారు. ఈ పరీక్షలకు రెండు మూడేళ్లు పడుతుంది. ఆ గడువు ఇవ్వండి. వ్యాస సాధనకు పట్నంలో గది అద్దె అవసరం లేదు, ఇంట్లో రోజుకు గంటసేపు ఎవరూ కదిలించకుండా ఉంటే చాలు.

పిల్లలూ, వచ్చే ఆదివారం ఇక్కడే పది గంటలకు కలుద్దాం. అంశం ఇప్పుడే చెబుతున్నాము: ‘గ్రామాల్లో యువత ఎందుకు నిలవడం లేదు?’ గంటన్నరలో 600 మాటలు, చేతివ్రాతతో. పూర్తయ్యాక మీ కాగితం పక్కవారికి ఇచ్చి, వారిది మీరు దిద్దాలి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ గీత గీయండి, చాలు. ఆ గీతలు చూసుకొని అదే వ్యాసాన్ని మంగళవారం లోపు మళ్లీ వ్రాసి తీసుకురండి.